కరెంటు లేకుండా చదివిన డిస్కు

దెయ్యాల కబుర్లు మొదలైతే టీ పెట్టే మిషతో లేచిపోయే రకం నేను. ఇప్పటికీ నమ్ముతానని చెప్పను. కానీ తెనాలిలో, నా షాపులో, పట్టపగలు జరిగిన ఈ సంగతి తలుచుకుంటే ఒకచోట కూర్చోలేను.

పాడైన హార్డ్ డిస్కుల నుంచి ఫైళ్లు బయటికి తీయడం నా పని. ఆ ఆదివారం పొద్దున రేపల్లె నుంచి హసీనా టీచరుగారు రైల్లో వచ్చారు. బాపట్లలో ఉండే వాళ్లక్క, కూతురికి ఏడాది నిండేలోపే పోయారట. ఆ పాప టీచరుగారి దగ్గరే పెరుగుతోంది, ఇప్పుడు ఏడో తరగతి. తల్లి గొంతు ఎలా ఉంటుందో పిల్లకి తెలియదు. ఆవిడ పాడిన జోలపాటలు ఈ పాత డిస్కులో తప్ప ఇంకెక్కడా లేవు.

డిస్కును లినక్స్ కంప్యూటర్‌కి తగిలించి, దానికి కరెంటిచ్చే అడాప్టర్‌ను గోడ ప్లగ్గులో పెట్టాను. వచ్చిన ఫైళ్లు పక్కనున్న విండోస్ కంప్యూటర్‌లో చేరేలా కలిపాను. డిస్కు పనితీరు చూపించే తెరలు రెండింట్లోనూ తెరిచాను. విండోస్ అయితే, డిస్కు ఎంతసేపు పనిలో ఉందో శాతంలో చూపిస్తుంది. లినక్స్ ఎన్నిసార్లు చదివిందో, ఒక్కోసారికి ఎంత ఆలస్యమైందో చెబుతుంది. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే జబ్బు ఎక్కడుందో తెలుస్తుంది.

రెండు గంటలు గడిచాయి. అక్కడ చదివింది సున్నా, ఇక్కడ రాసింది సున్నా.

"రాదేమోనండి," అని చెప్పి, ఆవిడ మొహం చూడలేక బయటికి వెళ్లాను.

తిరిగొచ్చేసరికి లినక్స్ తెర మీద డిస్కు చదవడాన్ని చూపే గీత లేచి ఉంది. విండోస్‌లోనూ లేచింది. అది తగ్గితే ఇది తగ్గుతోంది, అది పెరిగితే ఇది పెరుగుతోంది. ఇన్నేళ్లలో రెండూ అంత చక్కగా కలవడం నేను చూడలేదు.

"వస్తోందండి టీచరుగారూ, వస్తోంది," అంటూ ఆవిడ చేతులు పట్టేసుకున్నాను. నలభై నిమిషాల్లో పాటలన్నీ వచ్చేశాయి.

డిస్కు తీసేద్దామని వంగితే, గోడ ప్లగ్గులో ఆవిడ ఫోన్ చార్జర్ ఉంది. డిస్కు అడాప్టర్ బల్ల కింద పడి ఉంది.

"ఇదెప్పుడు తీశారండి?"

"మీరు రాదేమోనని వెళ్లారు కదమ్మా, అప్పుడే. పాపకి చెబుదామంటే ఫోన్లో చార్జింగ్ లేదు. ఎలాగూ పని చెయ్యట్లేదు కదాని..."

డిస్కును ముట్టుకుంటే చల్లగా ఉంది. ఆ రకం పెద్ద డిస్కు కంప్యూటర్ ఇచ్చే కాస్త కరెంటుతో తిరగదు. కంప్యూటర్ మెమరీలోంచి వచ్చాయనుకుందామంటే, అంతకుముందు ఒక్క ఫైలూ చదవలేదు. రెండు కంప్యూటర్ల రికార్డులు తీసి ఆవిడ ఫోన్లో కాల్ చేసిన టైముతో పోల్చాను. పాపకి కాల్ కలిసిన నిమిషంలోనే చదవడం మొదలైంది.

తర్వాత ఇదే పనిలో ఉన్న స్నేహితుడితో డిస్కు విప్పించాను. లోపల మోటారు బిగుసుకుపోయి ఉంది. "ఇది తిరిగి చాలా కాలమైంది," అన్నాడు.

టీచరుగారు పాటలు తీసుకుని ఇల్లు చేరిన ఆ ఆదివారం సాయంత్రమే పాప నాకు ఫోన్ చేసింది. "ఆంటీ, అమ్మ పాట మధ్యలో నవ్వుతుందండి. నవ్వుతూ నవ్వుతూ దగ్గుతుంది. నేనూ అంతే."

తెరలు తప్పు చూపించాయనుకుందామంటే పాటలు ఉన్నాయి. ఆ నలభై నిమిషాలు వాటిని ఏది చదివిందో నాకు ఇప్పటికీ తెలియదు.