తీగ ఊడదీసిన రేడియో

దయ్యాల మాట ఎత్తినవాళ్ళను నేను ఏనాడూ ఊరికే వదల్లేదు. ఎవరు చూశారు, ఎన్ని గంటలకు, పక్కన ఎవరున్నారు అని అడిగి నోరు మూయించేదాన్ని. అందుకే ఇది రాయడానికి ఇంతకాలం తటపటాయించాను.

మా తమ్ముడు సూరిబాబు బిలాస్‌పూర్‌లో రైల్వే టెలికాం షెడ్‌లో పనిచేసేవాడు. ఆ ఊళ్ళోనే మోప్కాలో ఇల్లు కట్టుకుని గృహప్రవేశం చేసిన రోజు, సొంత అక్కనైన నన్ను భోజనాల దగ్గర మొదటి బంతికి పిలవలేదు. వాడి షెడ్ వాళ్ళంతా ముందు తిన్నారు. నన్ను ఆఖరి బంతిలో కూర్చోబెట్టారు. అప్పటికి గుత్తివంకాయ కూడా అయిపోయింది.

ఎందుకలా చేశావని తొమ్మిదేళ్ళు అడిగాను. నవ్వేవాడే కానీ, తప్పయిందని ఒక్కసారి అనలేదు. నిరుడు వానాకాలంలో గుండె ఆగి పోయాడు.

వాడు తన చేత్తో తయారుచేసి ఇచ్చిన రేడియో అదే ఊళ్ళో నెహ్రూ నగర్‌లో మా ఇంట్లో ఉంది. విశాఖ స్టేషన్ చీకటి పడ్డాకే అందుతుంది. అందాకా ఒట్టి హోరు. దాని మీదా ఫిర్యాదు చేశాను.

"అందులో గొంతు సర్దే పార్టు ఉందక్కా," అన్నాడు. "దగ్గిర స్టేషనైతే తగ్గిస్తాది, దూరందైతే పెంచుతాది. ఎవులూ లేకపోతే చెవులు రిక్కించుకుని కూకుంటాది. ఆ హోరు అదే. ఎవులైనా వొచ్చి మాటాడకుండా నిలబడినా సరే, నిమ్మళిస్తాది."

"నీకంటే అదే నయం. నువ్వు నే మాటాడినా ఇనవు," అన్నాను.

వాడు పోయాక, సాయంత్రం ఐదింటికి టీ పెట్టుకుని, రేడియో వేసి, ఆ హోరులో వాడిని తిట్టుకోవడం అలవాటైంది. ఒకరోజు బంతి మాట ఎత్తానో లేదో, హోరు ఠక్కున అణిగింది. స్టేషన్ రాలేదు. మాట లేదు, పాట లేదు. ఆ వారంలో మూడుసార్లు జరిగింది. మూడుసార్లూ ఆ మాట దగ్గరే.

వాడితో పనిచేసిన అప్పారావు గారిని పిలిపించాను.

"ఎక్కడినుంచో మాట లేని సిగ్నల్ వొస్తంది అక్కగారూ. దానికి ఈ పార్టు గొంతు తగ్గించుకుంటంది. బస్, అంతే," అన్నారు. ఆ పార్టు తీగ ఊడదీస్తే ఏ సిగ్నల్ వచ్చినా హోరు తగ్గదని చెప్పి ఊడదీశారు. దగ్గరి స్టేషన్ చెవులు పగలగొట్టింది. స్టేషన్ లేని చోట హోరు పెద్దదై అలాగే నిలిచింది.

టీ ఇస్తూ బంతి సంగతి ఆయనకూ చెప్పాను.

ఆయన నవ్వారు. "మీ అక్కని కూకోబెట్టవేటిరా అని ఆరోజు నేనే అడిగాను. 'అచ్ఛా, మా అక్క బయటి మనిషేటి? ఇంటి మనిషి. ఆఖర్న మేమిద్దరం కలిసి తింటాం' అన్నాడు. ఆడు చెయ్యి కడుక్కుని వొచ్చేసరికి మీరు అలిగి లేచెళ్ళిపోయారు."

నిజమే. లేచేటప్పుడు పక్క విస్తరి ఖాళీగా ఉండటం చూశాను. అది ఎవరిదో అడగలేదు.

మర్నాడు ఐదింటికి రేడియో వేశాను. ఊడదీసిన తీగ బల్ల మీదే ఉంది.

"ఆ ముక్క నాతో చెప్పడానికి నీకేటైందిరా?" అన్నాను.

హోరు అణిగింది. కరెంటు పోలేదు, ఫ్యాను తిరుగుతూనే ఉంది. నేను దేన్నీ ముట్టుకోలేదు. గడియారం చూశాను, నిమిషం పైనే. తర్వాత హోరు మళ్ళీ మొదలైంది.

అప్పారావు గారు మళ్ళీ వచ్చి అంతా విప్పి చూశారు. తీగ లేని సెట్టు అలా చెయ్యదన్నారు. మరెందుకు చేసిందో ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు.

బంతి కేసు కొట్టేశాను. వాడి మీద మిగతావి ఇంకా చాలా ఉన్నాయి. రోజూ ఐదింటికి ఒక్కొక్కటే చెబుతున్నాను. హోరు మాత్రం మళ్ళీ తగ్గలేదు.