వెనక సీటు తీసిన ఏడాది

మా ఇంట్లో కారు ఎక్కడానికి ఒక పద్ధతి ఉండేది. మగవాళ్లు ముందు, ఆడవాళ్లు వెనక. ఎవరూ రాసిపెట్టలేదు, ఎందుకని ఎవరూ అడగనూ లేదు. మాది పాత అంబాసిడర్. దాని ముందు సీటు ఇప్పటి కార్లలోలాగా రెండు ముక్కలు కాదు. ఈ తలుపు నుంచి ఆ తలుపు దాకా ఒకటే బల్లలా ఉండేది, గేరు స్టీరింగు కిందే. ముందు కూర్చోవడమంటే డ్రైవర్‌తో కలిసి ఒకే సీటు మీద కూర్చోవడమన్నమాట. మా అమ్మ ఆ కారు కొన్నప్పటి నుంచి ఒక్కసారి కూడా ముందు కూర్చోలేదు. నేనూ కూర్చోలేదు. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే చాలు, మిగతాదంతా దాని చుట్టూ తిరిగిందే.

ఎనభైల మధ్యలోని మాట ఇది. మాది చాట్రాయి వైపు మెట్ట ఊరు. నేను నూజివీడు కాలేజీలో బీఎస్సీ చదివేదాన్ని. లెక్కలన్నా ఫిజిక్సన్నా నాకు ప్రాణం. మా ఊరి నుంచి కాలేజీ గడప తొక్కిన మొదటి ఆడపిల్లని నేనే. దానికి మా నాన్న పెట్టిన షరతు ఆ కారే. "బస్సులో వేలాడుతూ వెళ్లే చదువైతే మనకొద్దమ్మాయ్. కారులో వెళ్లి కారులో వచ్చేట్టయితే చదువుకో" అన్నాడు. అలా పొద్దున్నే డ్రైవర్ ముందు, నేను వెనక. డ్రైవర్ పెద్దాయన, దారి పొడుగునా ఒక్క మాట మాట్లాడేవాడు కాదు. రెండున్నరేళ్లు నేను ఇంట్లో కంటే ఆ వెనక సీట్లోనే ఎక్కువ చదివాను. విస్సన్నపేట దాటేలోపు ఒక చాప్టరు అయిపోయేది.

ఫైనలియర్లో ఉండగా మా అన్నయ్యకి పాటల పిచ్చి పట్టింది. వాడు ఇంటర్ తప్పి మా మామిడితోటలు చూసుకుంటున్నాడు. మామూలుగా మేం తోటని పూత మీదే వ్యాపారికి అమ్మేసేవాళ్లం, ఆ తర్వాత కాయ కాసినా రాలినా వాడి ఖర్మ. ఆ ఏడాది అన్నయ్య అలా అమ్మడానికి వీల్లేదన్నాడు. తనే వ్యాపారం చేస్తాడట, ఉత్తరాది నుంచి వచ్చే సేట్లతో తనే నేరుగా మాట్లాడతాడట. మాట్లాడితే సరిపోయేది. మా వాడికి అది చాలలేదు. విజయవాడలో ఎవరిదో కారెక్కి వచ్చి, రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు.

"పాట వేస్తే గుండెల మీద ఎవరో గుద్దినట్టుంటుందే. సీటు కూడా అదురుతుంది. మన కారులో అలాంటిది పెడితే సేట్లు మనల్ని వదిలి ఎటూ పోరు" అన్నాడు నాతో.

సేట్లు కాయ చూసి కొంటారు గానీ పాట విని కొంటారా అని నాకు నోటిదాకా వచ్చింది. ఆగాను. ఎందుకంటే ఆ సాయంత్రం వాడు నా పుస్తకాల పక్కన వచ్చి కూర్చున్నాడు. పుట్టి బుద్ధెరిగాక మా అన్నయ్య నన్ను అడిగిన మొదటి సలహా అది. మద్రాసు నుంచి తెప్పించిన ఫారిన్ క్యాసెట్ సెట్టూ, ఆంప్లిఫయరూ, నాలుగు పెద్ద స్పీకర్లూ మంచం మీద పరిచి, "నువ్వు ఫిజిక్స్ కదా, ఇవి ఎలా కలపాలో చెప్పు" అన్నాడు.

చెప్పాను. ఆ రోజుల్లో ఎవరైనా అడగాలే గానీ రాత్రంతా చెప్పేదాన్ని. వాడి స్నేహితుడొకడు నాలుగింటినీ ఒకే వైరుకి పక్కపక్కన తగిలించెయ్యమన్నాడట. అలా చేస్తే ఆంప్లిఫయరు మీద మోయలేనంత లోడు పడి కాలిపోతుంది. రెండేసి స్పీకర్లు సిరీస్‌లో కలిపి, ఆ రెండు జతలనీ పారలల్‌లో కలపమని బొమ్మ గీసిచ్చాను. స్పీకర్లని ఊరికే బిగిస్తే లాభం లేదని, వెనక నుంచి వచ్చే సౌండు ముందు నుంచి వచ్చేదాన్ని మింగేస్తుందని, గాలి పోకుండా మూసిన పెట్టె కావాలని చెప్పాను. మామిడికాయల పెట్టెలు చేసే వడ్రంగి పల్చటి చెక్కలతో చేసిస్తానంటే ఒప్పుకోలేదు, మందపాటి ప్లైవుడ్డే ఉండాలన్నాను. అమ్మ కుట్టుమిషను టేపు తీసుకెళ్లి కారంతా కొలిచాను. నా రికార్డు బుక్కులోంచి గ్రాఫు కాగితాలు చించి ప్లాను వేశాను.

నా ప్లానులో పెట్టె డిక్కీలో ఉంది. ఇది బాగా వినండి. వెనక సీటు జోలికి నేను వెళ్లనే లేదు. డిక్కీలో పెట్టె పెట్టి, సీటు వెనకున్న రేకుకి కన్నాలు చేస్తే సౌండు లోపలికి వస్తుంది. సీటు సీటులాగే ఉంటుంది, నేను అందులో కూర్చుని కాలేజీకి వెళ్తాను. నాకు అంతకంటే అందమైన ప్లాను ఇప్పటికీ కనిపించదు.

భోజనాల దగ్గర ఆ కాగితం నాన్న చేతికి వెళ్లింది. ఆయన స్పీకర్ల సంగతి అడగలేదు, వైర్ల సంగతి అడగలేదు.

"డిక్కీలో ఇది పెడితే బుట్టలెక్కడ పెడతాం?" అన్నాడు.

మా ప్రాంతంలో తోటలున్న ప్రతి ఇంటికీ ఈ బుట్టల గొడవ ఉంటుంది. కాయ పక్వానికి రాగానే గడ్డి పరిచి రసాలు పేర్చి బుట్టలు కట్టాలి. వియ్యాలవారికి ఒకటి, బ్యాంకాయనకి ఒకటి, కరెంటాఫీసు దాకా ఎవరి బుట్ట వాళ్లకి చేరాలి. చేరకపోతే ఏడాది పొడుగునా మూతి ముడుచుకుంటారు. మా కారు డిక్కీ ఆ పనికే పుట్టిందని నాన్న నమ్మకం.

"బుట్టలు వెనక సీట్లో పెట్టుకోండి నాన్నా" అన్నాను.

"రసం కారి సీటు పాడవదూ?" అన్నాడు.

సీటు పాడవుతుందని అంతగా బెంగపడిన మనిషి, మజ్జిగన్నంలోకి వచ్చేసరికి ఆ సీటునే తీసెయ్యడానికి ఒప్పుకున్నాడు. అన్నయ్యే అన్నాడు, "డిక్కీ డిక్కీలాగే ఉండనీ. వెనక సీటు పీకేసి పెట్టె అక్కడ పెడదాం. సౌండు కూడా నేరుగా వస్తుంది" అని. నాన్న తలూపాడు. మామిడికాయలకి చోటు దొరికింది, పాటలకి చోటు దొరికింది. నేను కంచంలో చెయ్యి పెట్టుకుని అలాగే చూస్తున్నాను.

"మరి నేను?" అన్నాను.

"ఎన్ని రోజులుందే నీ కాలేజీ? నేను దింపుతాగా. నా పక్కన కూర్చుంటే ఎవరేమంటారు?" అన్నాడు అన్నయ్య.

అమ్మకి తను కూడా ఆ సీటు పోగొట్టుకుంటున్నానని తట్టినట్టు లేదు. "మనం ఎక్కడికెళ్తాంలే" అని పెరుగు వడ్డించింది. ఆ మాటకి నాకు ఒళ్లు మండింది. ఇప్పుడు తలుచుకున్నా మండుతుంది.

కొత్త కొలతలు కూడా నేనే వేశాను. ఇంకెవరికీ రావు మరి. పైగా వాడు దింపుతానన్నాడు, నేను నమ్మాను. సొంత అన్నయ్య మాట నమ్మకుండా ఎవరి మాట నమ్ముతాం? సీటు పీకిన రోజు దాన్ని ఎక్కడ పడెయ్యాలో తెలియక వసారాలో గోడకానించి వేశారు. కింద నాలుగు ఇటుకలు పెట్టేసరికి సోఫాలాగా కుదిరింది. నాన్న దాని మీద కూర్చుని, బాగుందన్నాడు.

మొదటిసారి పాట పెట్టినప్పుడు తోటలో కోతులు చెట్లు దిగి పారిపోయాయి. ఊరు ఊరంతా కారు చుట్టూ చేరింది. నాన్న మీసం కింద నవ్వు దాచుకోలేకపోయాడు. "మావాడి బుర్రే బుర్ర" అన్నాడు అందరితో. నేను గడప దగ్గర నిలబడి ఆ మాట విన్నాను.

మొదటి వారం అన్నయ్య టైముకి దింపాడు. రెండో వారం ఫస్టవర్ పోయేది. ఆ తర్వాత వాడికి తోటల్లో పనులు, సేట్ల రాకపోకలు. డ్రైవర్‌ని పంపిస్తానంటే ఆ పెద్దాయనే చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "అమ్మాయిగారు నా పక్కన కూర్చుంటే నలుగురూ ఏమనుకుంటారండీ, నా వల్ల కాదండీ" అన్నాడు. అమ్మ ఒక ఉపాయం చెప్పింది. పెట్టెకీ ముందు సీటుకీ మధ్య కాస్త సందుంది, అక్కడ పీట వేసుకుని కూర్చోమంది. కూర్చున్నాను. మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని, వీపుకి నా పెట్టె ఆనించుకుని, కిటికీలోంచి తల కూడా కనపడకుండా నూజివీడు వెళ్లొచ్చాను. విస్సన్నపేటలో కారు ఆగినప్పుడు ఎవరో లోపలికి తొంగి చూశారట. "సామాను వేసినట్టు ఏంటది, పరువు తీస్తారా?" అని నాన్న కేకలేశాడు. పీట మళ్లీ వంటింట్లోకి వెళ్లింది.

బస్సుకి పంపమని బతిమాలాను. ఊరి చివర రోడ్డు మీద పొద్దున ఒక బస్సు ఆగేది. కారున్న ఇంటి పిల్ల బస్సెక్కడమేంటన్నాడు నాన్న. కారైతే ఉంది. అందులో నాకు చోటే లేదు.

ఆ ఏడాది ప్రాక్టికల్స్ థియరీ కంటే ముందు పెట్టారు. ప్రాక్టికల్ తప్పితే తతిమ్మా పేపర్లన్నీ ఎంత బాగా రాసినా పాసైనట్టు కాదు. ఫిజిక్స్ ప్రాక్టికల్ ముందు రోజు అన్నయ్యకి మూడుసార్లు చెప్పాను. "చిన్నపిల్లవా, ఎన్నిసార్లు చెప్తావ్? తెల్లవారుజామున సేట్లకి ఒక్క తోట చూపించి వచ్చేస్తా. నువ్వు రెడీగా ఉండు" అన్నాడు.

రెడీగా ఉన్నాను. తలంటుకుని, జడేసుకుని, రికార్డు ఒళ్లో పెట్టుకుని వసారాలో ఆ సీటు మీద కూర్చున్నాను. బస్సు టైము దగ్గరపడింది. "నాన్నా, పరిగెత్తితే బస్సు దొరుకుతుంది" అన్నాను.

"వాడు వస్తానన్నాడుగా, ఆగు" అన్నాడు, పేపర్లోంచి తలెత్తకుండా.

ఆగాను. బస్సు హారన్ వినిపించింది, రోడ్డు మీద దుమ్ము లేచింది, అణిగింది. అమ్మ వచ్చి "ఇడ్లీ తినవే" అంది. తర్వాత తింటానన్నాను. ఎండ వసారా మెట్లెక్కి నా కాళ్ల దాకా వచ్చింది. కాలేజీలో పరీక్ష మొదలై ఉంటుంది, నా నంబరున్న టేబులు ఖాళీగా ఉంటుంది. నాన్న లేచి పొలానికి వెళ్తూ, "ఎక్కడో చిక్కుకుపోయి ఉంటాడు" అన్నాడు. వాడి గురించే బెంగ.

నడినెత్తికి ఎండ వచ్చాక తోటల అవతల నుంచి పాట వినిపించింది. కారు ఇంకా కనిపించడం లేదు, పాట ముందొచ్చింది. ఏదో హుషారు పాట, ఆడగొంతు ఒక్క ముక్క కూడా బొంగురు పోకుండా వస్తోంది. దాని కింద డప్పు దెబ్బ ఒక్కొక్కటీ విడివిడిగా, గట్టిగా పడుతోంది. పెట్టెలోంచి ఎక్కడా గాలి పోవడం లేదు. వైర్లు సరిగ్గా ఉన్నాయి. నా లెక్కలో ఒక్క తప్పు కూడా లేదని ఆ సీటు మీద కూర్చునే నాకు తెలిసింది. అప్పటిదాకా ఆపుకున్న ఏడుపు అప్పుడు వచ్చింది.

అన్నయ్య దిగి నన్ను చూసి నాలుక కరుచుకున్నాడు. "అయ్యో, ఇవాళేనా? సేట్లు ఇంకో పాట, ఇంకో పాట అని వదల్లేదే. పోనీలే, వచ్చే ఏడు రాద్దువులే" అన్నాడు. ఆ సేట్లు మా కాయ కొనలేదు. పాటలు విని, టీలు తాగి, వేరే తోట కాయ కొనుక్కుని వెళ్లిపోయారు. వ్యాపారం పోయిందని ఇంట్లో నెలరోజులు దిగులు. నా పరీక్ష పోయిందని ఒక్క పూట కూడా ఎవరూ దిగులుపడలేదు.

వచ్చే ఏడు అన్నది రాలేదు. సంబంధాలు చూడ్డం మొదలుపెట్టారు. మొదట వచ్చినవాళ్లని వసారాలోనే కూర్చోబెట్టారు. పెళ్లికొడుకు తల్లి నిండుగా ఆ కారు సీటు మీద కూర్చుంది. నేను మామిడి రసం గ్లాసులు తెచ్చి ఇస్తున్నాను.

"డిగ్రీ ఎందుకు ఆపేసిందండీ?" అని అడిగిందావిడ.

"దానికే చదువు మీద పెద్దగా శ్రద్ధ లేదండీ" అన్నాడు అన్నయ్య, నా మొహం చూడకుండా.

ఆవిడ సీటు మీద చేత్తో తట్టి చూసింది. "ఇది కారు సీటులా ఉందే. ఎంత మెత్తగా ఉంది. ఎందుకు తీసేశారు?"

అమ్మ నవ్వుతూ చెప్పింది. "ఎవరూ కూర్చోవడం లేదండీ వదినగారూ, అందుకే తీయించేశాం."

నా చేతిలోని పళ్లెం పక్కనున్న స్టూలు మీద పెట్టేశాను.

"నేను కూర్చునేదాన్నండీ. కాలేజీకి వెళ్లేటప్పుడు" అన్నాను.

ఆవిడ రసం సగంలో వదిలేసి గ్లాసు కింద పెట్టింది. ఆ సంబంధం కుదరలేదు. నా నోటి దురుసు వల్లే బంగారంలాంటి సంబంధం చెడిపోయిందని మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. నా పరీక్ష ఎవరి వల్ల పోయిందో మాత్రం ఇంతవరకూ ఎవరూ చెప్పుకోలేదు.