కోయని పుటలు

మా ఆర్మూరులో మొన్నటిదాకా ఫోన్లు అమ్మిన మడిగెలో పుస్తకాల దుకాణం తెరిచారంటే నమ్మలేక, కర్ర పట్టుకొని నేనే వెళ్లి చూసి వచ్చాను. దుబాయిలో చాలా ఏళ్లు పనిచేసి వచ్చిన మోర్తాడు మనిషి పెట్టాడు. డిచ్‌పల్లి దిక్కున కూడా ఇట్లాంటివి మళ్లీ మొదలవుతున్నాయని చెబుతూ, కుర్చీ వేసి, ఒక కొత్త పుస్తకం పైనున్న ప్లాస్టిక్ చించి నా చేతికిచ్చాడు. పుటలు ఎంతో సులువుగా విడివడుతుంటే, యాభై ఏళ్ల కిందటి మరో దుకాణం, దాని గడపదాకా పరుచుకున్న పసుపు ధూళి కళ్ల ముందు కదిలాయి.

మాది పటేళ్ల ఇల్లు. వేల్పూరు దాకా మా భూములే అంటే ఇప్పటి పిల్లలు నవ్వుతారు గనుక చెప్పను. తాత కాలం నుంచి ముందరి గదిలో నాలుగు అద్దాల బీరువాల నిండా పుస్తకాలుండేవి; ఏ అధికారి వచ్చినా నాయన ముందు అక్కడికే తీసుకుపోయేవాడు, చదువుల ఇల్లని ఊరంతా అనుకునేది. భూములు పోయి, చివరకు ఇల్లూ ఖాళీ చేయవలసి వచ్చినప్పుడు, ఆర్మూరులో అప్పటికి ఉన్న ఒక్క పుస్తకాల దుకాణం నడిపే చాచాను నాయన పిలిపించాడు.

చాచా ఒక పుస్తకం తీశాడు. ఆ రోజుల్లో కొన్ని పుస్తకాలు మడతలు కోయకుండానే వచ్చేవి, చదివేవాళ్లే కత్తితో కోసుకోవాలి. అది కోసి లేదు. ఇంకొకటి తీశాడు, అదీ అంతే. నాలుగు బీరువాల్లో ఒక్క పుస్తకాన్నీ మా ఇంట్లో ఎవరూ చదవలేదు. నాయన కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు. ఇల్లు పోతున్నదని ఊరికి తెలిసినా తలుపు మూయని నేను, ఈ మాట సాయంత్రానికి బజారెక్కుతుందన్న తలపుకు వెళ్లి వీధి తలుపు మూశాను. చాచా పుస్తకం మూసి నెమ్మదిగా అన్నాడు.

"గివన్నీ కొత్తయే, పటేల్ సాబ్. పాతవాటి లెక్క ఎట్ల తీస్కపోత? కోసెటందుకు మనిషి గావాలె, మీ పిలగాన్ని పంపుండ్రి."

అట్లా మా పుస్తకాల పుటలు కోయడమే నా మొదటి కొలువు అయింది. పసుపు బండ్లు వచ్చే ఆ ఎండకాలమంతా దుకాణం వెనక గదిలో కూర్చొని, కత్తి జరుపుతూ, విడిన ప్రతి పుటా చదువుతూ ఉంటే, బయట పసుపు కొమ్ములు రాశి పోస్తున్న చప్పుడు ఎక్కడో వాన కురుస్తున్నట్టు వినిపించేది, పొద్దు వాలింది కూడా తెలిసేది కాదు. మా ఇంట్లో ఏమున్నదో పరాయి దుకాణంలో తెలుసుకున్నాను. గట్ల కట్టె లెక్క కూసుంటే అక్షరాలు దొరకయ్ బేటా, జర వంగు అని చాచా నవ్వేవాడు. నేను వంగేవాణ్ణి కాదు, పుస్తకాన్నే పైకెత్తేవాణ్ణి.

పోయేదాకా చాచా ఆ సంగతి ఎవరి దగ్గరా ఎత్తలేదు. ఊరి పెద్దలు కనబడ్డప్పుడల్లా మీది చదువుల ఇల్లు అంటే నేను తలూపుతూ వచ్చాను. ఇవాళే మొదటిసారి ఇది బయట పెడుతున్నాను. కొత్త దుకాణమాయన నేను ఎవరింటివాణ్ణో అడగలేదు, ఏం చదువుతానో అడిగాడు. పరువు నా దగ్గర పదిలంగానే ఉంది. అది ఎవరి ముందు కాపాడుకోవాలో ఆ మనుషులే ఒక్కొక్కరూ వెళ్లిపోయారు.