గ్రీకులో రాసిన జబ్బు

నా చిన్నప్పుడు, నేను ఏడో తరగతిలో ఉండగా, మా నాన్న కాళ్లు వాచాయి. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటల మధ్య మా ఊరు. పెద్దాసుపత్రిలో పరీక్షలన్నీ చేసి, కిడ్నీలు పాడయ్యాయని చెప్పి, కాగితం మీద ఇంగ్లీషులో ఒక మాట రాసి పంపేశారు. ఇడియోపతిక్. అదేమిటని నాన్న అడిగితే డాక్టరు తల కూడా ఎత్తలేదట.

ఊరికి అర్థంతో పని లేకపోయింది. నాన్న చాటుగా సారా తాగుతున్నాడని బోరు దగ్గర ఆడవాళ్లు తేల్చేశారు. సారా వాసనే పడని మనిషాయన. నాకు ఒళ్లు మండిపోయింది. అంతకంటే ఎక్కువ అమ్మ మీద మండింది, ఎందుకంటే ఆవిడ కూడా నమ్మింది. కాగితాన్ని ట్రంకుపెట్టెలో చీరల అడుగున దాచేసి, నాన్నతో మాట్లాడటం మానేసింది.

పక్కింటి అక్క టెక్కలిలో డిగ్రీ చదివేది. ఆ కాగితాన్ని దొంగిలించి ఆమెకిచ్చాను. కాలేజీ నుంచి లావుపాటి డిక్షనరీ మోసుకొచ్చి చూపించింది. గ్రీకులో ఇడియోస్ అంటే సొంతం, పాథోస్ అంటే బాధ. కారణమేదీ దొరకక, తనంతట తానే వచ్చిందనుకునే జబ్బుకి పెట్టే పేరట. అంటే వాళ్లకీ తెలియదన్నమాట! పేషెంటు అన్న మాట కూడా వెతికింది. అది లాటిన్, ఓర్చుకునేవాడని. మా నాన్నకి లాటిన్ పేరు, ఆయన జబ్బుకి గ్రీకు పేరు. తెలుగులో ఒక్క ముక్క చెప్పడానికి మాత్రం ఎవరికీ తీరిక లేదు.

అమ్మకి ఇప్పుడే చెప్పేస్తానని లేచాను. అక్క నా చెయ్యి పట్టుకుని ఆపింది. మనం చెబితే ఎవరూ నమ్మరు, రాసినవాళ్ల చేతే రాయించాలంది. తరవాతి వారం అమ్మానాన్నల్నీ నన్నూ వెంటబెట్టుకుని ఆసుపత్రికి వచ్చింది. డాక్టరు బల్ల మీద కాగితం పరిచి, పక్కన తన పెన్ను పెట్టింది.

"ఈ మాట తెలుగులో రాసీయండి బాబూ. రాసినదాకా మేం ఇక్కడే కూకుంటాం."

మీకర్థం కాదన్నాడాయన. అక్క కదల్లేదు. బయట వరస పెరిగిపోతోంది. చివరికి విసుక్కుంటూ రాశాడు: కారణం తెలియదు.

అమ్మ మూడో తరగతి దాకా చదివింది. వేలు పెట్టి, కూడబలుక్కుని చదివింది.

"తెల్దా? ఆ ముక్క సెప్పడానికి నోరు రానేదా మీకు? నాను నా మనిసిని..." అని ఏడ్చేసింది.

తిరుగు బస్సులో ఆవిడ నాన్న పక్కనే కూర్చుంది.

నాన్న ఆ తరవాత రెండేళ్లు కూడా బతకలేదు. మా ఊళ్లో ఇంకా ఎందరి కాగితాల మీదో అదే మాట చూశాను. ఆ కోపం నాకు చల్లారలేదు, చల్లారాలని కూడా లేదు. ఇప్పటికీ ఏ ఆఫీసులోనైనా, ఆసుపత్రిలోనైనా నోరు తిరగని మాట రాసి కాగితం నా వైపు తోస్తే నేను లేవను. నా పెన్ను తీసి వాళ్ల ముందు పెడతాను.