అత్త కంప్యూటర్‌కు కుదిరిన కంపైలర్

మొన్న వనపర్తి బస్టాండులో కూర్చుని టికెట్టు కోసం ఫోన్ తీస్తే, ఇంత పాత ఫోన్‌లో ఇక ఈ యాప్ నడవదని తెరమీద వచ్చింది. కోపమేమీ రాలేదు గాని, నాగర్‌కర్నూల్‌లో ఉండిన మా మేనత్త గుర్తుకొచ్చింది. ఇంట్లో కంప్యూటర్ ఉంటే దానిమీద గుడ్డ కప్పి, చెప్పులు విడిచి దగ్గరికి పోయిన రోజులు మన వయసువాళ్లకు తెలుసు కదా, ఇది అప్పటి సంగతి.

మేనత్త తెలుగు పంతులమ్మగా చేసి రిటైరైంది. ఆ తర్వాత షుగరు వల్ల చూపు పోయింది. పాన్‌గల్ వైపు చేలల్లో వేరుశనగ పీకుతూ వాళ్లమ్మ పాడిన పాటలన్నీ ఆమెకు నోటికి వచ్చు. అవి మరుపున పడకముందే తన చేత్తోనే రాసిపెట్టాలని ఆమె పట్టు. ఇంకొకరితో రాయిస్తే పదాలు మారుస్తారని అనుమానం. ఇంట్లో పాత కంప్యూటర్ ఒకటి ఉంది, చూపున్నప్పుడే దానిమీద టైపు నేర్చుకుంది. వనపర్తిలో కంప్యూటర్ పాఠాలు చెప్పుకునే నేను, కొట్టిన ప్రతి అక్షరాన్నీ పైకి పలికే చిన్న ప్రోగ్రాము చేసిస్తానని మాటిచ్చాను.

మనం రాసిన ప్రోగ్రామును కంప్యూటర్ నడపగలిగే రూపంలోకి మార్చేది కంపైలర్. అప్పుడే వచ్చిన కొత్త కంపైలర్‌తో తెలుగక్షరాలు తెరమీద ముత్యాల్లా కనిపించేవి. మురిసిపోయి దానితోనే చేసి తీసుకుపోతే, అత్త దగ్గరున్న పాత ఆపరేటింగ్ సిస్టంలో అది తెరుచుకోనే లేదు. కొత్త సిస్టం వేద్దామంటే ఆ మిషనుకు అంత శక్తి లేదు. వేరే కంప్యూటర్ కొందామన్నాను.

“ఇది మంచిగనే నడుస్తుంది గద. పాతదైందని తీసేసుడైతే, నన్నెప్పుడో తీసేయాలె,” అంది అత్త.

ఆ సిస్టంలో నడిచేలా పాత కంపైలర్ వాడొచ్చు గాని దానితో తెలుగు కనిపించదని, తెరమీద అంతా పిచ్చిగీతలే వస్తాయని చెప్పాను.

“కనవడేది నాకెందుకురా? ఇనవడితే సాలు,” అంది అత్త.

నెల రోజులుగా నేను పట్టుకు వేలాడిన అందం ఆమెకు అక్కరే లేదని అప్పుడు తట్టింది. పాత కంపైలర్ సీడీ గద్వాలలో ఒక స్నేహితుడి దగ్గర ఉందంటే, బస్సెక్కి బీచుపల్లి దగ్గర కృష్ణ దాటి పోయి తెచ్చుకున్నాను. అక్షరాలను మా ఆవిడ గొంతుతో రికార్డు చేశాను. ఈసారి ప్రోగ్రాము తెరుచుకుంది, పలికింది. అత్త తల వంచుకుని వింటూ చాలాసేపు మీటలు నొక్కి, చివరికి నన్ను పిలిచింది.

“నీ పెండ్లాం ‘ళ’ను ‘ల’ అంటుంది బిడ్డా. నేనేది కొట్టిన్నో తెలుస్త లేదు.”

మా ఆవిడ నవ్వి మళ్లీ పలికింది. ఆ వానాకాలమంతా అత్త పాటలు కొట్టింది. నేను వాటిని నా కంప్యూటర్‌లో తెలుగక్షరాల్లోకి మార్చి, అచ్చు తీసి, ఒక్కొక్కటే చదివి వినిపిస్తే, తన పదం తన చోటే ఉందని తృప్తిపడేది. ఆమె పోయి చాలా ఏళ్లయింది. పాటలు మా ఇంట్లో ఉన్నాయి.

ఇప్పుడు ప్రోగ్రాములు లక్షలమంది కోసం తయారవుతున్నాయి, అవి మంచివే, నేనూ వాడుతున్నాను. కానీ వాటిని చేసేవాళ్లకు అవి ఏ ఊళ్లో, ఎవరి ముందు తెరుచుకుంటాయో తెలియదు. నాకు అత్త గది తెలుసు, ఆ కుర్చీలో కూర్చునే మనిషీ తెలుసు.