తాత షిఫ్టుకు పోయినాడు

మా నాన్న చనిపోయినప్పుడు మా అయిదేళ్ల పాప ఇంట్లో లేదు. ఆయనకు ఊపిరి అందడం లేదని తెలియగానే, చిన్నపిల్ల అవన్నీ చూడడమెందుకని టేకల్లో మా ఆడపడుచు ఇంటికి పంపేశాను. కర్మలన్నీ అయ్యాక, నేను మళ్లీ పనికి వెళ్లడం మొదలుపెట్టిన రోజున తిరిగొచ్చింది. చెప్పులైనా విప్పకుండా తాత మంచం దగ్గరికి పరుగెత్తింది.

"తాత యాడమ్మా?"

నేను అప్పుడే ఫ్యాక్టరీ నుంచి వచ్చి యూనిఫాం మార్చుకుంటున్నాను. "షిఫ్టుకు పోయినాడమ్మా" అనేశాను.

నోటికి అదే వచ్చింది. కేజీఎఫ్‌లో బంగారు గని కార్మికుడి కూతుర్ని నేను. చిన్నప్పుడు నాన్న ఇంట్లో లేడంటే దానికి ఒకటే అర్థం. గనులు ఎప్పుడో మూతపడ్డాయి గానీ పాపకు ఆ సంగతేం తెలుసు? తాత ఒళ్లో కూర్చుని విన్న కథలన్నీ గనివే. మనుషుల్ని లోపలికి దించే లిఫ్టును కేజ్ అంటారనీ, అది దిగుతుంటే చెవులు గుయ్యిమంటాయనీ అన్నీ దానికి కంఠతా వచ్చు. అందుకే నా మాట ఇట్టే నమ్మింది. హమ్మయ్య అనుకున్నాను. మా అమ్మ మాత్రం వంటింట్లోంచి నన్ను అదోలా చూసింది.

కొన్నాళ్లకు రాత్రుళ్లు కేకలు మొదలయ్యాయి. "తాత కింద ఉండాడు, కేజ్ పైకి రాలేదు" అంటూ చెమటలు పట్టి లేచేది. ఎత్తుకుని వీపు నిమిరితే నా మెడ పట్టుకుని పడుకునేది. ఆ తర్వాత నిద్రలో నడక. కళ్లు తెరిచే ఉంటాయి, మనల్ని చూడవు. తిన్నగా వెళ్లి వీధి తలుపు గడియ మీద చెయ్యి వేసేది.

"యాడికమ్మా?"

"తాతొస్తాడు. తలుపు తీయాల."

అలాంటప్పుడు కుదిపి లేపకూడదన్నారు. "తాత వచ్చేసినాడమ్మా, పండుకున్నాడు. నువ్వూ పండుకో" అన్నాను. చెప్పినట్టే వెనక్కి వచ్చి పడుకుంది. భలే ఉపాయం దొరికిందని మురిసిపోయి, ఆ తర్వాతా అదే చెప్పాను. అమ్మ దిష్టి తీసింది, దర్గాలో తాయెత్తు కట్టించింది. గాలి సోకిందన్నారు ఇరుగుపొరుగు. అవునవునని నేనూ తల ఊపాను. గాలి మీదికి నెట్టేస్తే నా మీదికి రాదు కదా.

మా ఆయనది బెంగళూరులో ఉద్యోగం, ఆదివారాలకే వస్తాడు. ఒక వారం నాకు నైట్ షిఫ్టు పడింది. పాపను అమ్మ పక్కన పడుకోబెట్టి, ఎప్పటిలాగే "షిఫ్టుకు పోయొస్తానమ్మా" అని చెప్పి నరసాపురంలోని మా ఫ్యాక్టరీకి వెళ్లే కంపెనీ బస్సెక్కాను. పొద్దున వచ్చేసరికి అమ్మ గుమ్మంలోనే కూర్చుని ఉంది. పాప ఆమె ఒళ్లో నిద్రపోతోంది. పాదాల నిండా మట్టి.

"రాత్రి గడియ తీసుకోని పోయిందే. కండ్లు తెరిస్తే పక్కన బిడ్డ లేదు. యాడుండాదో తెలుసునా? నీ బస్సు నిలబడే చోట, రోడ్డు అంచున. లారీలు పోతా ఉండాయి."

"తాత కోసరమా?" అన్నాను.

"నేనూ అట్లే అనుకుంటి. తాతొచ్చేసినాడు, దా పాపా అంటి. తాత కాదు, అమ్మ రాలేదు, కేజ్ పైకి రాలేదు అనింది."

అమ్మ పాప పాదాల మట్టి కొంగుతో తుడవసాగింది. నాలుగు తిట్టినా బాగుండేది.

తిరిగిరాని తాత వెళ్లింది షిఫ్టుకు. నేను రోజూ వెళ్లేదీ షిఫ్టుకే. నేను బస్సెక్కిన ప్రతిసారీ ఆ పిల్ల ఏమనుకునేదో తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది. గాలీ లేదు, దెయ్యమూ లేదు. నా బిడ్డను భయపెట్టింది నేనే.

ఆ రోజు సెలవు పెట్టాను. తలుపుకు పిల్లకందనంత ఎత్తున ఇంకో గడియ బిగించాను. తర్వాత పాపను తాత మంచం మీద కూర్చోబెట్టుకున్నాను.

"తాత షిఫ్టుకు పోలేదమ్మా. చచ్చిపోయినాడు. నేను నీకు అబద్ధం చెప్పినాను."

ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. దుప్పటి కొస నలుపుతూ అడిగింది.

"ఇంగ రాడా?"

"రాడమ్మా."

"నేను తలుపు తీస్తే వచ్చేసినాడని చెప్తివే?"

నిద్రలో విన్న మాట దానికి గుర్తుండదనుకున్నాను. "అది కూడా అబద్ధమేనమ్మా. ఇంగెప్పుడూ చెప్పను" అని దాని చేతిలో చెయ్యి వేసి ఒట్టు పెట్టాను.

మర్నాడు సాయంత్రం మెడలో కంపెనీ కార్డు వేసుకుని బయలుదేరాను. వీధి చివర బస్సు హారన్ కొడుతోంది. పాప వచ్చి నా చున్నీ పట్టుకుంది.

"యాడికమ్మా?"

"పనికి. పొద్దున్నే వచ్చేస్తా."

"షిఫ్టుకు కాదు కదా?"

అమ్మ తలుపు పక్కనే నిలబడి ఉంది. నేను ఆమె వైపు చూడలేకపోయాను.

"కాదమ్మా" అన్నాను, "షిఫ్టుకు కాదు."