ఆడనెమలి అంచు

ధర్మవరంలో నాకు పట్టుచీరల డిజైన్లు నేర్పినాయన పెన్‌డ్రైవును నమ్మేవాడు కాదు. ఆయన లెక్కలో డిజైనంటే మగ్గం మీద వేలాడే అట్టలు, వాటికి వరసగా కొట్టిన బొక్కలు. ఆయన అట్టల్లోని నెమలినే నేను కంప్యూటర్లో గీసి పెన్‌డ్రైవులో వేసిస్తే, దాన్ని ఎండకు పట్టి, ఒక కన్ను మూసి చూసేవాడు.

“ఏమప్పా, ఒక్క బొక్కన్నా లేదే! నెమలి యాడుండాది?”

నేను నవ్వేవాణ్ణి. ఒకసారి నెమలి అంచు పెండ్లిచీర మగ్గమెక్కే ముందు నా హార్డ్ డిస్కు పోయింది. పెన్‌డ్రైవు తెరుచుకోనంది. పెండ్లికి పదైదు దినాలే ఉండాయి.

ఆయన అటకెక్కి నెమలి పాత అట్టలు దించినాడు. ఒక్కోదాన్నీ ఎండకు పట్టి, “ఇది ముక్కు, ఇది మెడ” అంటా పోయి, తోక కాడ ఆగినాడు. తోక అట్టలన్నీ ఎలుకలు కొరికేసినాయి.

“తోక లేకుంటే పెండ్లోళ్లు నన్ను తంతారన్నా!”

“ఆడనెమలి అని చెప్పు.”

అట్లే చెప్పినాను. పెండ్లిలో చూసినోళ్లంతా అదే అంచు కావాలని వచ్చినారు. ఇంత బాగా ఎవరు గీసినారని అడిగితే, ఆయన నా పక్క చూడకుండా అటక చూపించేవాడు.